బస్తాకే కాదు, బుడిపెకూ సబ్సిడీ ఇవ్వండి

2025 వానాకాలంలో తెలంగాణ పల్లెల్లో సహకార సంఘాల ముందు చెప్పులు వరస కట్టాయి. తెల్లవారకముందే వచ్చిన రైతులు తమ వంతుకు గుర్తుగా చెప్పునో, రాయినో, పాసుపుస్తకం జిరాక్సునో పెట్టి పక్కన చెట్టు కింద కూర్చున్నారు. ఆంధ్రలోనూ చాలాచోట్ల అదే పరిస్థితి. రామగుండం ప్లాంటు ఉత్పత్తి మధ్యమధ్యలో ఆగింది. రావాల్సిన దిగుమతులు వేళకు రాలేదు. వానలు పడి వరి, మొక్కజొన్న నాలుగు ఆకులు వేసే సమయానికి అందరికీ ఒకేసారి యూరియా కావాల్సి వచ్చింది. కేంద్రం ఎంత పంపింది, రాష్ట్రం ఎంత అడిగింది, దారిలో ఎంత పక్కకు పోయింది అని వారాల తరబడి వాదులాట జరిగింది. మన పంటలకు ఇంత యూరియా ఎందుకు కావాల్సి వస్తోందన్న ప్రశ్న మాత్రం పెద్దగా వినపడలేదు. వ్యవసాయ శాఖలో ఉద్యోగం చేసి రిటైరై, రేపల్లె దిగువన కొద్దిపాటి మాగాణి చూసుకుంటున్నవాడిగా ఆ ప్రశ్న నేను వేస్తున్నాను.

గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజనే. ఎకరం పొలం మీద నిలిచే గాలి మొత్తాన్ని తూకం వేస్తే అందులో ముప్పై వేల టన్నులకు పైగా నత్రజని ఉంటుంది. వరి పైరుకు కావాల్సింది అందులో యాభై కిలోలు కూడా కాదు. అయినా పైరు దాన్ని ముట్టుకోలేదు. గాలిలో రెండు నత్రజని పరమాణువులు మూడు బంధాలతో పెనవేసుకుని ఉంటాయి. ఆ ముడి విప్పగల శక్తి ఏ మొక్కకూ సొంతంగా లేదు. 1909లో జర్మనీలో ఫ్రిట్జ్ హేబర్ ఆ ముడిని ప్రయోగశాలలో విప్పి అమోనియా తయారుచేసి చూపించాడు. కార్ల్ బాష్ దాన్ని ఫ్యాక్టరీ స్థాయికి తెచ్చాడు. 1913లో ఓపౌలో మొదటి కర్మాగారం నడిచింది. ఈరోజు భూమ్మీద ఉన్న జనంలో సగం మంది తినే తిండి ఆ పద్ధతిలో పుట్టిన నత్రజని మీదే ఆధారపడి ఉందని అంచనా. యూరియాను తిట్టడం నా ఉద్దేశం కాదు. యూరియా లేని రోజుల్లో ఈ దేశం ఎంత ఆకలిగా ఉందో మా తండ్రుల తరానికి తెలుసు.

కానీ ఆ ముడి ఫ్యాక్టరీలో విప్పాలంటే వందల డిగ్రీల వేడి, వందల రెట్ల పీడనం, దానికి సహజవాయువు కావాలి. ఆ వాయువులో పెద్ద భాగం మనం ఓడల్లో తెచ్చుకుంటున్నాం. అది చాలక యూరియానే నేరుగా కొంటున్నాం. దేశంలో ఏటా 350 లక్షల టన్నులకు పైగా యూరియా వాడుతున్నాం. రైతు 45 కిలోల బస్తాకు కట్టేది 266 రూపాయల 50 పైసలు. మిగతాది ఖజానా భరిస్తుంది. మొత్తం ఎరువుల సబ్సిడీ ఏటా లక్షన్నర కోట్ల రూపాయల పైమాటే. ఇంత పెట్టి తెచ్చి చల్లిన నత్రజనిలో వరి పైరు తీసుకునేది నూటికి ముప్పై, నలభై పాళ్లు. మిగిలింది కొంత గాలిలో కలుస్తుంది, కొంత నైట్రేటుగా మారి బావుల్లోకి దిగుతుంది, కొంత నైట్రస్ ఆక్సైడ్‌గా పోతుంది. భూమిని వేడెక్కించడంలో ఆ వాయువు బొగ్గుపులుసు వాయువు కన్నా సుమారు 270 రెట్లు బలమైనది. ఎక్కువ చల్లిన పొలంలో దోమపోటు, అగ్గి తెగులు వచ్చి చేను పడిపోవడం మన రైతులందరూ చూసిందే.

ఫ్యాక్టరీ లేకుండా ఆ ముడి విప్పేవి కొన్ని సూక్ష్మజీవులు. పప్పుజాతి మొక్కల వేళ్లలో అవి కాపురముంటాయని 1880ల్లోనే జర్మనీలో హెల్‌రీగెల్, విల్‌ఫార్త్ తేల్చారు. 1888లో బైయరింక్ ఆ సూక్ష్మజీవిని వేరుచేశాడు. దాన్నే మనం రైజోబియం అంటున్నాం. ఇది చదివి తెలుసుకోవడం కన్నా చూసి తెలుసుకోవడం మేలు. మినుము విత్తిన నెల, నెలా పది రోజులకు చేలోకి వెళ్లి ఒక మొక్కను ఎంచుకోండి. పట్టుకుని లాగొద్దు, లాగితే బుడిపెలు మట్టిలోనే తెగిపోతాయి. చుట్టూ జానెడు మేర గునపంతో మట్టి పెళ్లగించి, పెళ్లతో సహా ఎత్తి, కాలవ నీళ్లలో నెమ్మదిగా కడగండి. తల్లివేరు పైభాగంలోనూ పక్క వేళ్ల మీదా ఆవగింజంత నుంచి మిరియపు గింజంత వరకు బుడిపెలు కనపడతాయి. ఒకదాన్ని బొటనవేలి గోటితో చిదమండి. లోపల ఎర్రగా ఉంటే అది పనిలో ఉంది. తెల్లగా ఉంటే పని మొదలుపెట్టలేదు, లేదా అందులో చేరిన సూక్ష్మజీవి పనికొచ్చే రకం కాదు. ఆకుపచ్చకు తిరిగితే దాని పని అయిపోయింది.

ఆ ఎరుపు లెగ్‌హీమోగ్లోబిన్ అనే పదార్థానిది. మన రక్తానికి రంగునిచ్చే హీమోగ్లోబిన్ కుటుంబానికి చెందినదే. నత్రజని ముడి విప్పే ఎంజైము నైట్రోజినేజ్. దానికి ఆక్సిజన్ తగిలితే చెడిపోతుంది. కానీ ఆక్సిజన్ లేకపోతే సూక్ష్మజీవికి ఊపిరాడదు. ఈ రెంటికీ మధ్య ఎర్ర పదార్థం ఆక్సిజన్‌ను పట్టి ఉంచి కొలిచి అందిస్తుంది. ఇంటి యజమాని కూలికి అన్నం పెట్టి పని చేయించుకున్నట్టు మొక్క తన ఆకుల్లో తయారైన చక్కెరలో కొంత బుడిపెకు పంపి, బదులుగా అమోనియా తీసుకుంటుంది. మట్టిలో యూరియా దండిగా ఉంటే మొక్క ఆ ఖర్చుకు ఒప్పుకోదు, బుడిపెలే కట్టదు. అందుకే అపరాలకు మొదట్లో ఎకరానికి ఎనిమిది కిలోల నత్రజని మించి వేయవద్దని చెబుతాం.

కృష్ణా డెల్టాలో ఈ పని తరాలపాటు ఖర్చు లేకుండా జరిగింది. వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, నేలలో పదునుండగానే, నిలబడి ఉన్న చేలో మినుములో పెసలో చల్లేవాళ్లు. కొడవళ్లతో కోసి పనలు వేసి, అవి ఆరాక కట్టలు కట్టి కుప్ప వేసేసరికి మినుము రెండాకులు వేసి కనపడేది. దుక్కి లేదు, తడి లేదు, బస్తా లేదు. నేలలో మిగిలిన పదునుతో, మంచుతో సంక్రాంతి దాటాక కాయ కట్టేది. పశువులున్నవాళ్లు ఓ పక్కన జనుము, పిల్లిపెసర చల్లుకునేవాళ్లు. లాం పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన ఎల్‌బీజీ మినుము రకాలు ఈ పంటను నిలబెట్టాయి. ఇడ్లీలకీ గారెలకీ డెల్టా మినపపప్పుకు పేరు వచ్చింది ఆ మాగాణుల వల్లే.

ఆ చేలల్లో ఎన్నోచోట్ల ఇప్పుడు జీరో టిల్లేజ్ మొక్కజొన్న నిలబడి ఉంది. దీన్ని రైతు తెలియనితనం అనేవాళ్లతో నేను ఏకీభవించను. ముందు తెల్లదోమ మోసుకొచ్చిన పల్లాకు తెగులు మినుమును ఊడ్చేసింది. బంగారు తీగ అల్లుకుని మిగిలినదాన్ని పీల్చేసింది. తర్వాత వరి కోత మిషన్లు వచ్చాయి. వాటి చక్రాల కింద ముందు చల్లిన మినుము మొలకలు బతకవు. కోత అయ్యాక చల్లుదామంటే పదును ఆరిపోతుంది. కూలీలతో కోయిద్దామంటే మనుషులు దొరకరు. మొక్కజొన్నకు ఈ బాధలేవీ లేవు. వరి మోళ్ల మధ్య గింజ గుచ్చి నీళ్లు పెడితే చాలు.

మా పక్క పొలం కౌలుకు చేసే రైతుతో ఈ మాటే ఎత్తాను. ఆయన తడుముకోకుండా అన్నాడు: "మినుము మంచిదే సార్, కాదనను. పల్లాకు వచ్చి పోతే రెండో పంట కౌలు మీరు కడతారా? మొక్కజొన్న యూరియా మింగినా గింజ ఇస్తుంది." మరి వానాకాలానికి ముందు జీలుగ చల్లి కలియదున్నుకోవచ్చు కదా అన్నాను. "జీలుగ ఫలం నేలకి. వచ్చే ఏడు ఆ నేల నాకిస్తారో లేదో నాకే తెలియదు" అన్నాడు. పచ్చిరొట్ట ఎందుకు పెరగడం లేదని శాఖ సమావేశాల్లో జరిగిన చర్చలన్నిటికన్నా ఆయన రెండు మాటల్లో ఎక్కువ సంగతి ఉంది. జీలుగను నలభై అయిదు రోజులు పెంచి పూతకు ముందు దమ్ములో కలిపితే ఎకరానికి పాతిక కిలోల వరకు నత్రజని, అంటే బస్తా యూరియాకు తగ్గకుండా, నేలకు చేరుతుంది. కానీ కాలవలకు నీళ్లు వదిలేసరికి నారు పోసే వేళ అవుతుంది, సబ్సిడీ విత్తనం చేతికొచ్చేసరికి తొలకరి పోతుంది. డెల్టాలో సాగు చేస్తున్నవాళ్లలో ఎక్కువమంది కౌలుదారులే. నేల బాగు వాళ్ల చేతుల్లో పెట్టాం, నేల మీద హక్కు మాత్రం ఏడాదికి మించి ఇవ్వలేదు.

ఇక లెక్క చూద్దాం. రబీ మొక్కజొన్నకు సిఫారసు చేసే నత్రజని ఎకరానికి 80 నుంచి 96 కిలోలు. బస్తాలో ఉండేది 20 కిలోల పైచిలుకు. అంటే ఎకరానికి నాలుగు బస్తాలు, రైతులు వేసేది అంతకన్నా ఎక్కువే. బస్తాకు ప్రభుత్వం భరించేది తక్కువలో తక్కువ వెయ్యి రూపాయలు వేసుకున్నా, మొక్కజొన్న వేసిన ప్రతి ఎకరానికీ నాలుగు వేల రూపాయల ప్రజాధనం పోతోంది. ఆ ఎకరంలో మినుము వేసిన రైతుకు దక్కేది సున్నా. తన నత్రజని తానే తయారుచేసుకుని, తర్వాత వచ్చే వరికి కొంత మిగిల్చి వెళ్లే పంట ఖజానాకు ఆదా చేస్తున్నా ఆ రైతును ఎవరూ లెక్కలోకి తీసుకోవడం లేదు. పైగా ఇథనాల్ పేరుతో మొక్కజొన్నకు గిరాకీ పెంచుతున్నాం. ఒక చేత్తో యూరియా తగ్గించాలంటూ, రెండో చేత్తో యూరియాను విపరీతంగా తినే పంటను పెంచుతున్నాం. ఇంకోవైపు 2021 నుంచి మినుము దిగుమతులకు తలుపులు బార్లా తెరిచి, మయన్మార్ నుంచి తెప్పించుకుంటున్నాం. యూరియానూ కొంటున్నాం, మినుమునూ కొంటున్నాం. మినుము మనమే పండిస్తే రెండు బిల్లులూ తగ్గుతాయి.

నా ప్రతిపాదన సూటిగా చెబుతాను. యూరియా తినే పంట వదిలి అపరాలు వేసిన రైతుకు, ఆదా అయిన ఆ నాలుగు వేలను ఎకరం లెక్కన నేరుగా ఇవ్వండి. ఇప్పటికే అపరాలు వేస్తున్నవాళ్లకూ ఇవ్వాలి, లేకపోతే అన్యాయం. ఆ మేరకు కొత్త ఖర్చవుతుంది, కానివ్వండి. సాగు చేస్తున్న కౌలుదారు ఖాతాకే అది చేరాలి, భూయజమాని ఖాతాకు కాదు. ఇంత చేసినా అదొక్కటే చాలదు. 2025-26లో మొక్కజొన్న మద్దతు ధర క్వింటాలు 2,400 రూపాయలు, మినుముది 7,800. డెల్టాలో మొక్కజొన్న ముప్పై అయిదు క్వింటాళ్లు అవలీలగా వస్తుంది. మినుము ఏడు వస్తే బాగా పండినట్టు. మొక్కజొన్నకు పెట్టుబడి ఎక్కువే అయినా చివరికి చేతిలో మిగిలేది ఎక్కువ. ఆ తేడా పూడాలంటే మద్దతు ధరకు ఊళ్లోనే కొనాలి. 2025 అక్టోబరులో కేంద్రం ప్రారంభించిన పప్పుధాన్యాల స్వయంసమృద్ధి మిషన్ 11,440 కోట్లతో కంది, మినుము, మసూరును నమోదైన రైతుల నుంచి నాలుగేళ్లపాటు పూర్తిగా కొంటామని మాట ఇచ్చింది. ఆ మాట కొనుగోలు కేంద్రం గుమ్మం దాకా రావాలి. పల్లాకు తెగులుకు బీమా ఉండాలి. తాండూరు కంది రైతుకూ ఇదే వర్తిస్తుంది. ఆ కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, రాలే ఆకుతో అది నేలకు చేసే మేలుకు మాత్రం ఇంతవరకు గుర్తింపు లేదు.

"వరి, గోధుమలే సొంతంగా నత్రజని చేసుకునే రోజు వస్తోంది కదా, ఈ పాత మినుము గోలెందుకు" అని మా మేనల్లుడు అడిగాడు. వస్తున్న మాట నిజం, నేను ఆశగా ఎదురుచూస్తున్నాను. మెక్సికోలోని వాహాకా రాష్ట్రంలో సియెర్రా మిహే కొండల్లో స్థానికులు తరతరాలుగా కాపాడుకుంటున్న మొక్కజొన్న ఒకటుంది. పదిహేను అడుగులు దాటి పెరుగుతుంది, కాండం మీద చాలా కణుపులకు గాలి వేళ్లు వేస్తుంది. ఆ వేళ్ల నుంచి చిక్కటి జిగురు కారుతుంది. ఆ జిగురులో ఉండే సూక్ష్మజీవులు గాలి నత్రజనిని పట్టి పంటకు ఇస్తున్నాయని, మొక్కలోని నత్రజనిలో 29 నుంచి 82 శాతం దాకా అలా వచ్చిందేనని 2018లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ కేంద్రంలో ఎడువార్డో బ్లూమ్‌వాల్డ్ బృందం మరో దారి పట్టింది. మొక్క సహజంగానే తయారుచేసే అపిజెనిన్ అనే పదార్థం ఎక్కువగా తయారయ్యేలా జన్యువును సవరించారు. ఎక్కువైనది వేళ్ల నుంచి మట్టిలోకి వస్తుంది. దాన్ని తాకిన సూక్ష్మజీవులు ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని పొరగా ఏర్పడతాయి. ఆ పొర లోపల ఆక్సిజన్ తగ్గి నైట్రోజినేజ్ పనిచేస్తుంది. 2022లో వరిలో, 2025లో గోధుమలో దీన్ని చూపించారు. శాస్త్రవేత్త జైల్స్ ఓల్డ్‌రాయిడ్ బృందం ఏకంగా ధాన్యపు పంటల వేళ్లకే బుడిపెలు కట్టించే పనిలో ఉంది.

అయితే ఇందులో ఏదీ రేపటి పంటకు రాదు, పూర్తి యూరియాను మాన్పించదు. ఒక్క నత్రజని అణువును విడగొట్టడానికి సూక్ష్మజీవి పదహారు ఏటీపీ అణువుల శక్తి ఖర్చు పెడుతుంది. ఆ శక్తి మొక్క చక్కెర నుంచే రావాలి. గింజకు వెళ్లాల్సిన చక్కెరలో ఎంత వేరుకు పోతుంది, దిగుబడి ఎంత తగ్గుతుంది అన్నది మన పొలాల్లోనే తేలాలి. వరిలో మూడో వంతు నత్రజని గాలి నుంచి వచ్చినా నాకు చాలు. అది ఎకరానికి ముప్పావు బస్తా. కోట్ల ఎకరాల మీద ఆ ముప్పావు బస్తా చిన్నది కాదు. దగ్గరి దారుల మీద మాత్రం నాకు నమ్మకం లేదు. మొదట మార్కెట్లోకి వచ్చిన నానో యూరియా అర లీటరు సీసాలో ఉన్న నత్రజని 20 గ్రాములు, అది భర్తీ చేస్తుందన్న బస్తాలో ఉన్నది 20 కిలోలు. పైరుకు కావాల్సిన కిలోలు ఎక్కడి నుంచో ఒకచోటి నుంచి రావాలి.

ఈ సాంకేతికత ఎవరి చేతిలో ఉంటుందన్నది నాకు అంతకన్నా ముఖ్యమైన సంగతి. బ్రెజిల్‌ను చూడండి. అక్కడ 1960ల్లో జొహానా డోబెరైనర్ అనే శాస్త్రవేత్త, సోయాకు నత్రజని ఎరువు వద్దు, సూక్ష్మజీవితోనే పండిద్దామని పట్టుబట్టింది. ప్రభుత్వ పరిశోధన ఆ దారినే నడిచింది. ఈరోజు ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ సోయా పండించే దేశం దాదాపు నత్రజని ఎరువు లేకుండానే దాన్ని పండిస్తోంది. ఆ పనిని ముందుకు తీసుకెళ్లిన ప్రభుత్వ సంస్థ ఎంబ్రాపా శాస్త్రవేత్త మరియాంజెలా హుంగ్రియాకు 2025లో ప్రపంచ ఆహార బహుమతి వచ్చింది. అక్కడ రైతు ఏటా విత్తనానికి సూక్ష్మజీవి పట్టించి మరీ చల్లుతాడు. మన దగ్గర రైజోబియం ప్యాకెట్టు ఏప్రిల్, మే ఎండల్లో రేకుల షెడ్డులో మగ్గి, అందులో జీవం చచ్చాక రైతు చేతికొస్తుంది. బెల్లం నీళ్లతో పట్టించి నీడలో ఆరబెట్టమని మేం చెబుతాం. లోపల బతికున్నవి ఎన్నో ఎవరూ చూడరు. ఫలితం కనపడక రైతు వదిలేస్తాడు.

మనకు చేతకాక కాదు. రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ మన సాంబ మసూరిలోనే జన్యు సవరణ చేసి తయారుచేసిన కమల రకాన్ని 2025 మేలో ప్రకటించారు. బయటి జన్యువు చేర్చని ఇలాంటి సవరణలకు 2022లోనే కేంద్రం నిబంధనలు సడలించింది. పటాన్‌చెరులో ఇక్రిశాట్ ఉంది. శనగ, కంది, వేరుశనగ బుడిపెల మీద దశాబ్దాల అనుభవం అక్కడుంది. ఈ రెండు ప్రాంగణాలూ ఒకే నగరం పరిధిలో ఉన్నాయి. గాలి నత్రజని వాడుకునే వరి సాంబ మసూరిలోనే రావాలి, ప్రభుత్వ సంస్థ నుంచే రావాలి, రైతు దాచుకుని మళ్లీ చల్లుకునే విత్తనంగా రావాలి. జన్యు సవరణకు వాడే క్రిస్పర్ పద్ధతి పేటెంట్లు విదేశాల్లో ఉన్నాయి కాబట్టి ఆ ఒప్పందాలు ఎలా కుదుర్చుకుంటారో ఇప్పుడే బహిరంగంగా చెప్పాలి. అలా కాకపోతే యూరియా క్యూ పోయి విత్తనాల క్యూ వస్తుంది.

ఆ వరి వచ్చేదాకా మనకున్నది మినుము, పెసర, కంది, జీలుగ. డెల్టాలో మినుము చల్లాలో మొక్కజొన్న గుచ్చాలో రైతు అక్టోబరులోనే తేల్చుకుంటాడు. అప్పటికే విత్తనం వెతుక్కోవాలి, కౌలు మాట్లాడుకోవాలి. రెండు రాష్ట్రాల ప్రభుత్వాలూ అపరాల ప్రోత్సాహకాన్ని, కొనుగోలు కేంద్రాల జాబితాను సెప్టెంబరులోగా ప్రకటించండి. పైరు మొలిచాక వచ్చే జీవో ఒక్క బస్తా యూరియానైనా తగ్గించదు.